మదీనాలో ఎలా మసలుకోవాలి? అమ్మానాన్నలతో ఉమ్రాకి వెళ్తున్న ఒక చెల్లెలికి

ప్రశ్న: అక్కా, అస్సలాము అలైకుమ్. మాది పల్నాడు వైపు నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ అంతంతమాత్రం, అరబీ అయితే నమాజుకు కావలసిన సూరాలు తప్ప ఏమీ రాదు. వచ్చే నెల అమ్మ, నాన్న, తమ్ముడు, నేను ఉమ్రా యాత్రకి వెళ్తున్నాం. ముందు మదీనాలో ఐదు రోజులు, ఆ తర్వాత మక్కా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్నకి చెవి మందం కాబట్టి గట్టిగా మాట్లాడతారు. ఏటా కడప పెద్ద దర్గాకి వెళ్ళే మనిషి, మదీనాలో కూడా ప్రవక్త వారి సమాధి ముందున్న జాలీ (కటకటాలు) పట్టుకుని దువా చేసుకోవాలని ఆయన కోరిక. 40 నమాజులు పూర్తి కాకపోతే ప్రయాణం వృథా అని ఒకరంటారు, రౌజాలోకి వెళ్ళకపోతే మదీనా వెళ్ళనట్టే అని ఇంకొకరు. నాకేమో సరిగ్గా ఆ రోజుల్లోనే నెలసరి వచ్చేలా ఉంది. అమ్మ మా వీధి వాళ్ళందరి పేర్లూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటోంది, అందరి సలాములూ అక్కడ చెప్పాలట. తెలియక తప్పు చేస్తామేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. మస్జిదున్నబవీలో, అంటే ప్రవక్త మసీదులో, ఎలా ఉండాలో, ఏం చేయకూడదో చెప్పండి.

జవాబు:

వ అలైకుముస్సలాం చెల్లీ. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అమ్మని తీసుకుని నేను మొదటిసారి వెళ్ళేటప్పుడు నాకూ అచ్చం ఇదే బెంగ, రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. కాబట్టి నాకు తెలిసినంత వరకు, అక్కడ కళ్ళారా చూసినంత వరకు చెప్తాను. మసాయిల్ (మత నియమాలు) విషయంలో ఎక్కడైనా అనుమానం ఉంటే బయల్దేరేలోపే మీ మసీదు ఇమాం గారిని అడిగేయండి, ఆయన దగ్గర మొహమాటం పెట్టుకోవద్దు.

ముందు భాష సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ ఉత్తరంలో ఎక్కువ భయం అక్కడే కనిపించింది. నమాజులో చదివేవి అరబీలోనే చదవాలి, అవి మీకు వచ్చు కదా, అది చాలు. నమాజు బయట చేసుకునే దువా మాత్రం నీకు ఏ భాషలో ఏడుపొస్తుందో ఆ భాషలో చేసుకో. మీ అమ్మ "అల్లా, నా మోకాళ్ళు చూడయ్యా, నా పిల్లని చూడయ్యా" అని తెలుగులో అడిగితే వినేవాడికి తర్జుమా అక్కర్లేదు. నేను అక్కడ ఒక చిన్న పుస్తకంలో తెలుగు లిపిలో రాసిన పెద్ద పెద్ద అరబీ దువాలని కూడబలుక్కుంటూ చదివాను, అర్థం తెలియక, పలకడం సరిగ్గా రాక. మూడో రోజు పుస్తకం మూసేసి తెలుగులో అడగడం మొదలుపెట్టాకే మనసు తేలికపడింది. సలాం చెప్పడానికి నాలుగు మాటలు, మసీదులోకి వెళ్ళేటప్పుడు ఒక దువా, బయటికి వచ్చేటప్పుడు ఒక దువా, దరూద్ షరీఫ్ (ప్రవక్తకి దీవెనలు కోరే మాటలు). అమ్మానాన్నలతో ఇప్పటి నుంచీ రోజూ ఇవి చెప్పించు. అంతకంటే బరువు వాళ్ళ నెత్తిన పెట్టొద్దు.

రెండోది, 'రౌజా' అనే మాట. మన వైపు రౌజా అంటే ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారి సమాధి ఉన్న చోటు అనుకుంటాం. అక్కడ అరబీలో, యాప్‌లో, బోర్డుల మీద ఆ పేరుతో ఉండేది మనం రియాజుల్ జన్నా అనే చోటు. నా ఇంటికీ నా మింబరుకీ (ప్రసంగ వేదిక) మధ్య ఉన్నది స్వర్గపు తోటల్లో ఒక తోట అని ప్రవక్త (స) చెప్పిన చిన్న స్థలం అది. అనుమతి తీసుకోవాల్సింది అక్కడ నమాజు చేసుకోవడానికి. సమాధి ముందు నుంచి వెళ్తూ సలాం చెప్పడం వేరే, ఆ దారి వేరే. ఇది తెలియక చాలామంది మగవాళ్ళు అనుమతి దొరకలేదని సలాం కూడా చెప్పకుండా దిగులుగా తిరిగొస్తారు. మీ నాన్నకీ తమ్ముడికీ ఈ ముక్క ముందే విడమర్చి చెప్పు.

రియాజుల్ జన్నాకి సౌదీ ప్రభుత్వపు నుసుక్ యాప్‌లో టైం బుక్ చేసుకోవాలి. డబ్బు ఏమీ కట్టక్కర్లేదు, ఎవరైనా ఇప్పిస్తామని డబ్బు అడిగితే నమ్మొద్దు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేళలు వేరు. ఒకసారి వెళ్ళొచ్చాక 365 రోజుల వరకు మళ్ళీ బుక్ చేసుకోవడానికి లేదని 2023 చివర్లో నియమం పెట్టారు. ఇలాంటివి మారుతూ ఉంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు యాప్ ఏం చూపిస్తే అదే పాటించండి. వీసా రాగానే చూడండి, ఆఖరి నిమిషం వరకు ఆగితే దొరకదు. నాన్నకీ తమ్ముడికీ ఒకే టైం, నీకూ అమ్మకీ ఒకే టైం వచ్చేలా చూసుకో. చెవి మందమైన మనిషిని ఒక్కడినే ఆ జనంలోకి పంపకూడదు.

ఇక నీకు గట్టిగా చెప్పాలనుకున్న మాట. ఆ మసీదు స్థలం కథ మీ అమ్మానాన్నలకి బయల్దేరే ముందు చెప్పు. 622లో ప్రవక్త (స) మక్కా నుంచి మదీనా వచ్చినప్పుడు ఆయన ఒంటె కూర్చున్న చోటు ఖర్జూరాలు ఎండబెట్టుకునే నేల. అది సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ పిల్లలది. మసీదు కడతామంటే వాళ్ళు ఉచితంగా ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు, వెల కట్టించి కొన్నాకే కట్టారు. ఖర్జూరపు దుంగలే స్తంభాలు, మట్టలే కప్పు. ఒక రంజాన్ రాత్రి వాన కురిసి కప్పు కారితే, తెల్లారి నమాజు తర్వాత ఆయన నుదుటి మీద బురద కనిపించిందని అబూ సయీద్ ఖుద్రీ (ర) చెప్పిన మాట హదీసుల్లో (ప్రవక్త మాటలు, పనుల గురించిన నమోదులు) ఉంది. పిల్లలు ఉత్తినే ఇస్తానన్నా తీసుకోని నేల అది. అదే నేల మీద మనం ఇంకొకరిని మోచేత్తో నెట్టి జాగా సంపాదించుకుంటే, అక్కడ చేసిన ఆ రెండు రకాతుల నమాజు ఎవరికి చూపిద్దామని?

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే నేను చేశాను కాబట్టి. నేను వెళ్ళినప్పుడు ఈ యాప్‌లు లేవు, ఆడవాళ్ళని దేశాల వారీగా బోర్డులు పట్టుకుని కూర్చోబెట్టి గుంపులు గుంపులుగా పంపేవాళ్ళు. రెండు గంటలు కూర్చున్నాం. తెర తీయగానే ఎవరో పరుగు మొదలుపెట్టారు, అంతే, అందరం పరుగే, నేనూ అమ్మ చెయ్యి వదిలేసి పరిగెత్తాను. తెల్లటి పాలరాతి స్తంభాలు కనిపించాయి, ఇక చుట్టూ ఏమీ కనపడలేదు నాకు. రెండు స్తంభాల మధ్య ఒక ముసలావిడ సజ్దాలో, నుదురు నేలకి ఆనించి, ఉంది. ఏ దేశమో తెలియదు, చాలా చిన్న మనిషి, ముడతలు పడ్డ చేతులు తివాచీ మీద చాపి ఉన్నాయి, ఒక వేలికి వెండి ఉంగరం. ఆ వేళ్ళ మీద నా కాలు పడింది. ఎముక నా మడమ కింద కదిలినట్టు తెలిసింది. ఆవిడ సజ్దా నుంచి లేవలేదు. చెయ్యి మెల్లగా లోపలికి లాక్కుంది, అంతే. నమాజు ముగించి సలాం తిప్పాక నా వైపు చూసి, నలిగిన చేత్తోనే తన పక్కన తివాచీని సర్ది, ఒక జానెడు జరిగి, కూర్చోమని సైగ చేసింది. నేను అక్కడ నిలబడి నమాజు చేశాను కానీ ఏం చదివానో నాకు గుర్తు లేదు. క్షమించమని అడగడానికి ఆవిడ భాష రాలేదు, చేతులు పట్టుకున్నాను. ఈలోపు వెనక అమ్మ తప్పిపోయి ఏడుస్తూ నిలబడి ఉంది.

అందుకని చెల్లీ, రియాజుల్ జన్నాలో నమాజు నఫిల్ (ఐచ్ఛికం). తోటి మనిషిని నొప్పించడం హరామ్ (నిషిద్ధం). ఈ రెండిట్లో ఏది ముందో ఏ ఆలిమ్‌ని (మత పండితుణ్ణి) అడిగినా ఒకటే చెప్తారు. లోపల మీకిచ్చే టైం చాలా కొద్ది. తోసుకోకుండా వెళ్ళండి, ఎక్కడ జాగా దొరికితే అక్కడ రెండు రకాతులు చేసుకోండి, ఫలానా స్తంభం పక్కనే కావాలని వెతుకుతూ ఉన్న కాస్త టైం పోగొట్టుకోవద్దు, అయ్యాక ఇంకొకరికి చోటిచ్చి లేవండి. అనుమతి దొరకలేదా, ఏడవద్దు. ఆ మసీదులో ఎక్కడ చేసినా ఒక నమాజు వేరే చోట చేసిన వెయ్యి నమాజుల కంటే మేలని, మక్కాలోని మస్జిదుల్ హరామ్ ఒక్కటే దానికి మినహాయింపని హదీసు ఉంది. రియాజుల్ జన్నాకి వెళ్ళకపోతే మదీనా వెళ్ళనట్టే అన్నవాళ్ళ మాట పట్టించుకోకు.

మసీదుకి బయల్దేరే ముందు స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, మగవాళ్ళయితే అత్తరు పూసుకుని వెళ్ళడం మామూలే. నోటి వాసన మాత్రం మర్చిపోవద్దు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవాళ్ళు మా మసీదుకి రావొద్దని ప్రవక్త (స) చెప్పారు. మన వాళ్ళు హోటల్ గదిలో ఊరి నుంచి తెచ్చుకున్న వెల్లుల్లి కారం, ఆవకాయ వేసుకుని అన్నం తిని నేరుగా ఇషాకి వెళ్ళిపోతారు. పక్కన నిలబడ్డవాడి గతి ఆలోచించాలి కదా. అవి నమాజు వేళకి దూరంగా తినండి, శుభ్రంగా పళ్ళు తోముకుని వెళ్ళండి. నాన్నకి బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది.

చెప్పుల గురించి మా అమ్మ ఉపాయం చెప్తాను. పాత నేత చీర కొంగు చింపి సంచీలు కుట్టింది, మెడలో వేసుకునేలా పొడుగు పట్టీతో, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. చెప్పులు అందులో వేసుకుని మాతోపాటే ఉంచుకునేవాళ్ళం. అరల్లో పెడితే నంబరు గుర్తుండాలి, వేరే గేటులోంచి బయటికొస్తే ఎండకి కాలిన రాయి మీద వట్టి కాళ్ళతో నడవాలి. అదే సంచీలో హోటల్ కార్డు, మందులు, ఒక చిన్న నీళ్ళ సీసా. జంజం నీళ్ళు మక్కా నుంచి తెచ్చి లోపల డ్రమ్ముల్లో పెడతారు, చల్లనివీ మామూలువీ రెండూ ఉంటాయి, అమ్మకి చల్లవి పడకపోతే చూసి పట్టు.

లోపలికి కుడికాలు పెట్టి 'అల్లాహుమ్మఫ్తహ్ లీ అబ్వాబ రహ్మతిక్' అనుకోండి, బయటికి ఎడమకాలు పెట్టి 'అల్లాహుమ్మ ఇన్నీ అస్అలుక మిన్ ఫజ్లిక్'. మక్రూహ్ వేళ (నమాజు చేయకూడని వేళ) కాకపోతే కూర్చునే ముందు రెండు రకాతులు తహియ్యతుల్ మస్జిద్ (మసీదులోకి వచ్చినందుకు చేసే నమాజు). జమాత్ మొదలైందని వినగానే పరిగెత్తడం మన అలవాటు, వద్దు. ఇఖామత్ (జమాత్ మొదలవుతోందనే పిలుపు) విన్నా పరిగెత్తుకు రావద్దు, నెమ్మదిగా నడిచి రండి, దొరికినంత చదవండి, పోయింది పూర్తి చేసుకోండి అనే కదా హదీసు. అక్కడ ఇఖామత్ మన హనఫీ మసీదుల్లో కంటే పొట్టిగా ఉంటుంది, మొదలైందనుకునేలోపే అయిపోతుంది, అందుకని ముందే సఫ్‌లో (వరుసలో) కుదురుకోండి. నమాజు చేసేవాళ్ళ ముందు నుంచి దాటొద్దు, జనం దాటుతున్నారు కదా అని మనమూ దాటేయకూడదు, రెండు నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు. వెనక వచ్చేవాళ్ళ కోసం ముసల్లాలు పరిచి జాగా ఆపడం, దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని పడుకోవడం, ఖుర్ఆన్‌ని నేల మీద పెట్టడం, వీటి గురించి నీకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఇంట్లో నేర్చుకున్నదే.

అక్కడ నమాజులో కొన్ని తేడాలు కనిపిస్తాయి. కొందరు గుండెల మీద చేతులు కడతారు, కొందరు చేతులు వదిలేస్తారు, ఆమీన్ గట్టిగా అంటారు. అసర్ మనం ఇక్కడ చేసేదానికంటే ముందే అయిపోతుంది. నాన్న కంగారుపడి "ఇదేంటి, టైం కాలేదు కదా" అనొచ్చు. అక్కడి జమాత్‌తోనే చేసేయమను. పక్కవాడు చేసేది తప్పని సైగలు చేయడం, వాదించడం అసలు వద్దు. ప్రపంచంలో ఎన్ని రకాల ముస్లింలు ఉన్నారో నేను అక్కడే చూశాను, ఆ చూడటమే ఒక చదువు.

ఇంకొక ముఖ్యమైనది, మన వాళ్ళు తెలియక పోగొట్టుకునేది. ఫర్జ్ (తప్పనిసరి) నమాజు అవగానే మైకులో ఏదో చెప్తారు, అందరూ లేచి నిలబడతారు. అది జనాజా నమాజు, చనిపోయినవాళ్ళ కోసం చేసేది. దాదాపు ప్రతి నమాజు తర్వాతా ఉంటుంది. మనం సున్నతులు మొదలుపెట్టేసి ఏం జరుగుతోందో తెలియక అటూ ఇటూ చూస్తూ ఉంటాం. సలాం తిరగగానే ఒక్క నిమిషం ఆగండి. నాలుగు తక్బీర్లు, రుకూ లేదు, సజ్దా లేదు, అక్కడ ఇమాం ఒకవైపే సలాం తిప్పుతారు. ఆడవాళ్ళూ నిలబడతారు, నువ్వూ అమ్మా నిలబడండి. మన ఊళ్ళలో ఆడవాళ్ళకి ఆ అవకాశం రాదు కాబట్టి ముందే నేర్చుకుని వెళ్ళండి. జనాజా నమాజు చేసినవాళ్ళకి ఒక ఖీరాత్ పుణ్యం, ఆ ఖీరాత్ ఉహుద్ కొండంత అని హదీసు. ఆ ఉహుద్ మీకు మదీనాలో కళ్ళెదురుగానే కనిపిస్తుంది, ఎర్రగా, పొడుగ్గా. పేరు కూడా తెలియని ఒక మనిషి కోసం రోజుకి ఐదుసార్లు నిలబడి దువా చేయడం నాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే లోతుగా తాకింది.

ఇప్పుడు నాన్న సంగతి. కడప దర్గాలో జాలీ పట్టుకోవడం, గడప తాకి కళ్ళకద్దుకోవడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు, అందులో ప్రేమే ఉంది, ఆ ప్రేమని నువ్వు తప్పు పట్టొద్దు. కానీ మదీనాలో జాలీని తాకనివ్వరు, ఆగనివ్వరు, తాకబోతే పోలీసులు చెయ్యి తీసేస్తారు. ఆ వయసులో అందరి ముందూ అలా అనిపించుకుంటే ఆయన మనసు విరిగిపోతుంది. అందుకని ఇంట్లోనే నెమ్మదిగా చెప్పు: అక్కడ దూరంగా, చేతులు కిందికి వదిలి, తల కాస్త వంచి నిలబడటమే మర్యాద నాన్నా అని. మన హనఫీ పెద్దలు కూడా జాలీని ముట్టుకోవద్దు, ముద్దు పెట్టొద్దు అనే చెప్పారు. అడగడం అల్లాహ్‌ని అడగాలి. మగవాళ్ళు బాబుస్సలాం వైపు నుంచి వరుసగా వెళ్తారు. జాలీలో పెద్ద గుండ్రటి కంత ఎదురుగా వచ్చినప్పుడు 'అస్సలాము అలైక యా రసూలల్లాహ్'. ఒక అడుగు కుడికి జరిగితే హజ్రత్ అబూబక్ర్ (ర), ఇంకో అడుగు జరిగితే హజ్రత్ ఉమర్ (ర), వాళ్ళిద్దరికీ సలాం. తర్వాత బాబుల్ బఖీ వైపు బయటికి. అంతా ఒక నిమిషం కూడా పట్టదు, వరుస కదులుతూనే ఉంటుంది. దువా చేసుకోవాలంటే బయటికొచ్చాక ఒక పక్కన ఖిబ్లా వైపు తిరిగి, ఎంతసేపైనా.

గొంతు విషయం కూడా ఉంది. ప్రవక్త గొంతు కంటే మీ గొంతు పైకి ఎత్తకండి అని సూరా హుజురాత్‌లో రెండో ఆయతు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ మసీదులో పెద్దలు అలాగే మసిలారు. తాయిఫ్ నుంచి వచ్చిన ఇద్దరు ఆ మసీదులో గట్టిగా మాట్లాడుతుంటే హజ్రత్ ఉమర్ (ర) వాళ్ళని పిలిపించి, మీరు ఈ ఊరి వాళ్ళై ఉంటే శిక్షించేవాణ్ణి, రసూలుల్లాహ్ మసీదులో గొంతులు ఎత్తుతారా అన్నారని బుఖారీ హదీసు పుస్తకంలో ఉంది. చూడు, బయటి ఊరి వాళ్ళు, తెలియదు అని వదిలేశారు. నాన్నకి చెవి మందం కావడం ఆయన చేతిలో లేని పని, అల్లాహ్‌కి తెలుసు. అయినా మనం చేయగలిగింది చేయాలి: మెషీన్ ఉంటే బ్యాటరీలు తీసుకెళ్ళండి, లేకపోతే తమ్ముడు ఆయనతో లోపల సైగలతోనో, ఫోన్‌లో పెద్ద అక్షరాలతో రాసి చూపించో మాట్లాడాలి. మా పెద్దమ్మతో మేము అలాగే చేశాం. చెయ్యి ఒకసారి నొక్కితే లేవాలి, రెండుసార్లు నొక్కితే కూర్చోవాలి.

అసలు గొంతు ఎత్తేది చెవి మందమైన వాళ్ళు కాదు, ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళు. వీడియో కాల్ పెట్టి "ఇదిగో చూడండి పచ్చ గుంబద్" అని ఊళ్ళో ఉన్న పదిమందికీ చూపిస్తుంటారు. బయట ఆవరణలో ఒకసారి అమ్మమ్మకి చూపిస్తే చూపించు, ఆ ముసలి కళ్ళకి అదే చాలు. లోపల మాత్రం ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచీలో పడేయండి. సలాం చెప్పే చోట కెమెరా పైకెత్తి, సమాధి వైపు వీపు పెట్టి సెల్ఫీ తీసుకునేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తమ్ముడికి ఈ ముక్క నా మాటగా చెప్పు.

ఆడవాళ్ళకి జాలీ ముందు నుంచి వెళ్ళే ఆ దారి ఉండదు. నువ్వూ అమ్మా రియాజుల్ జన్నాకి వెళ్ళినప్పుడు అక్కడి నుంచి సలాం చెప్పుకోండి, లేదా బయట ఆవరణలో పచ్చ గుంబద్ కనిపించే చోట నిలబడి చెప్పుకోండి. మసీదు పక్కనున్న బఖీ ఖబ్రస్తాన్‌లోకి (సమాధుల నేల) కూడా ఆడవాళ్ళని పంపరు, బయట నుంచే సలాం చెప్పి దువా చేయొచ్చు. అక్కడి నుంచి మట్టి తీసుకురావడం లాంటివి చేయొద్దు, నాన్నకీ చెప్పు.

నెలసరి గురించి రాయడానికి సిగ్గుపడ్డట్టున్నావు, ఉత్తరంలో ఒక్క లైనులో తేల్చేశావు. నిజానికి ఇది నిన్ను అన్నిటికంటే ఎక్కువ తినేస్తోందని నాకు తెలుసు. విను. హజ్ ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర)కే నెలసరి వచ్చింది, ఆవిడ ఏడుస్తుంటే ప్రవక్త (స) ఇది ఆదం కూతుళ్ళకి అల్లాహ్ రాసిపెట్టినది అని ఓదార్చి, తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) తప్ప హాజీలు చేసేవన్నీ చేయమన్నారు. కాబట్టి ఇది దోషమూ కాదు, శిక్షా కాదు. ఆ రోజుల్లో మసీదు లోపల కూర్చోకూడదు, నమాజు లేదు. దరూద్, జిక్ర్, దువా అన్నీ ఉన్నాయి, గదిలోనైనా చేసుకోవచ్చు. భూమ్మీద తిరిగే ఫరిష్తాలు (దేవదూతలు) నా ఉమ్మత్ సలాములు నాకు చేరుస్తారని ప్రవక్త (స) చెప్పిన హదీసు ఉంది కదా, హోటల్ కిటికీ దగ్గర కూర్చుని చెప్పిన సలాం కూడా చేరుతుంది. బయటి ఆవరణ మసీదు కిందికి వస్తుందా లేదా అన్నదాన్లో ఆలిమ్‌లు ఒకే మాట చెప్పరు, మీ ఇమాం గారి భార్య ద్వారానైనా అడిగించుకో. తేదీలు వాయిదా వేసే మాత్రలు చాలామంది వాడతారు, వాడాలనుకుంటే మందుల షాపులో కొనుక్కోకుండా డాక్టరమ్మకి చూపించుకుని, ప్రయాణానికి బాగా ముందే వెళ్ళు. ఒకవేళ రియాజుల్ జన్నాకి బుక్ చేసిన రోజే వచ్చేస్తే అమ్మని మీ గ్రూపులో ఇంకొకావిడతో పంపు, ఆవిడ ఎవరో ముందే చూసి పెట్టుకో.

మీరు మదీనా నుంచి మక్కా వెళ్తారు కాబట్టి జుల్‌హులైఫా దగ్గర ఇహ్రామ్ (ఉమ్రా దీక్ష), ఇప్పుడు దాన్ని అబ్యార్ అలీ అంటారు. నెలసరిలో ఉన్నా అక్కడ నీయత్ చేసుకుని ఇహ్రామ్‌లోకి రావచ్చు, నమాజు మాత్రం చేయవు. హజ్రత్ అస్మా బిన్త్ ఉమైస్ (ర) సరిగ్గా ఆ చోటే బిడ్డని కన్నారు, స్నానం చేసి ఇహ్రామ్ కట్టుకోమని ప్రవక్త (స) చెప్పించారు. శుభ్రమయ్యాక మక్కాలో తవాఫ్. ఇది తెలియక ఇహ్రామ్ లేకుండా దాటిపోతే తర్వాత ఇబ్బంది, అందుకని గుర్తు పెట్టుకో.

40 నమాజుల మాట. మీది ఐదు రోజులు, లెక్కేస్తే 25. ఆ 40 గురించి ఉన్న హదీసుని చాలామంది హదీసు పండితులు బలహీనమైనదన్నారు. బలంగా పట్టుకునేవాళ్ళు కూడా అది జియారత్‌కి (మదీనా దర్శనానికి) షరతని అనరు. అసలు మదీనా జియారత్ ఉమ్రాలో భాగమే కాదు, ప్రేమ కొద్దీ చేసే ప్రయాణం. అమ్మకి మోకాళ్ళు లాగేస్తుంటే జొహర్, అసర్ హోటల్లోనే చేసుకోనీ, ఆడవాళ్ళకి అందులో లోటేమీ లేదు. నిజానికి ఆడవాళ్ళ నమాజు ఇంట్లో మేలని ఉమ్మె హుమైద్ (ర)కి ప్రవక్త (స) ఆ ఊళ్ళోనే చెప్పారు. చల్లబడ్డాక మగ్రిబ్‌కి తీసుకెళ్ళి ఇషా దాకా కూర్చోబెట్టు. కుర్చీలు ఉంటాయి. ఒక్కరోజు మాత్రం ఫజర్ తర్వాత ఆవరణలో కూర్చోండి, 250 గొడుగులు ఒక్కొక్కటే పువ్వులా విప్పుకోవడం అమ్మ చూడాలి.

మదీనాలోనే ఉన్న ఖుబా మసీదుకి వెళ్ళేటప్పుడు వుజూ హోటల్లోనే చేసుకుని బయల్దేరండి. ఇంటి దగ్గర శుభ్రమై అక్కడికి వెళ్ళి నమాజు చేస్తే ఉమ్రా పుణ్యం అని ఉంది. ప్రవక్త (స) శనివారాలు వెళ్ళేవారు. మీ ఐదు రోజుల్లో శనివారం ఉంటే మంచిదే, లేకపోతే ఏ రోజైనా. ఖర్జూరాలు, అత్తర్లు, జానిమాజులు ఆఖరి రోజు ఒక పూటలో కొనేయండి.

అక్కడ ఊడ్చేవాళ్ళు, నీళ్ళు పట్టేవాళ్ళు చాలామంది మన దేశం వైపు వాళ్ళే, బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్ళూ ఉంటారు, హిందీ ముక్క అర్థమవుతుంది. దారి తప్పితే వాళ్ళనే అడగండి. వాళ్ళ ముందు ఖర్జూరం గింజలు, టీ కప్పులు పడేయొద్దు. ఈ మసీదు ఊడ్చే ఒకావిడ చనిపోతే, నాకెందుకు చెప్పలేదని ప్రవక్త (స) అడిగి మరీ ఆమె ఖబ్ర్ దగ్గరికి వెళ్ళి నమాజు చేశారు. ఇది అమ్మకి చెప్పు, తప్పకుండా నచ్చుతుంది.

నాన్నకి ఒక పని నేర్పించు: లోపలికి వెళ్ళేటప్పుడు గేటు మీది నంబరు చూసి చేతి మీద పెన్నుతో రాసుకోవడం. అన్ని గేట్లూ ఒకేలా ఉంటాయి, మీరు నలుగురూ రెండు దార్లలో విడిపోతారు. ఇషా తర్వాత ఎక్కడ కలుసుకోవాలో మొదటి రోజే ఒక గుర్తు పెట్టుకోండి.

ఇక అమ్మ నోటు పుస్తకం. ఆపొద్దు చెల్లీ. ఎవరైనా సలాం చెప్పమని అప్పగిస్తే అక్కడ వాళ్ళ పేరుతో చెప్పడాన్ని మన పెద్దలు చాలామంది మంచిదనే అన్నారు, అది అవసరం లేదన్న వాళ్ళూ ఉన్నారు. అందుకని పెద్దగా చదవకుండా, ఒక పక్కన కూర్చుని, పేరు చూసి మనసులో చెప్పుకుని, ఆ మనిషి కోసం ఒక దువా చేసి పేజీ తిప్పమను. చీటీలు రాసి జాలీలో వేయమని ఎవరైనా ఇస్తే మాత్రం తీసుకోవద్దు. మా అమ్మ తన పుస్తకం పట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చుంది, ఎప్పుడో పోట్లాడి మాటలు మానేసిన పక్కింటావిడ పేరు దగ్గర చాలాసేపు ఆగింది. వేళ్ళకి అంటిన ఖర్జూరం పాకం మరక ఆ పేజీ మీద ఇప్పటికీ ఉంది.

మీ అమ్మ పుస్తకంలో ఇంకా చోటుంటే చివరి పేజీలో ఒక లైను నాకు ఉంచమను.